‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు పరిష్కరణ కోసం ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల భాషా సాంస్కృతిక శాఖల అధికారులకు, సంగీత కళాశాలల పాఠ్యప్రణాళికలను రూపొందించే పండితులకు నమస్కరించి రాస్తున్న లేఖ.

నేటి తూత్తుకుడి జిల్లాలోని ఎట్టయాపురంలో, సంస్థానం వారి విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో, 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే గ్రంథం రెండు సంపుటాలుగా అచ్చయింది. సుమారు 1,700 పుటల ఆ గ్రంథాన్ని సుబ్బరామ దీక్షితులు తెలుగు భాషలో రాశారు, తెలుగు లిపిలో అచ్చువేయించారు. కర్ణాటక సంగీతానికి సంబంధించి అచ్చయిన గ్రంథాలలో దీని సాటి వచ్చేది ఇంకొకటి లేదని నా అభిప్రాయం, అది అతిశయోక్తి కాదని ఆ గ్రంథాన్ని వాడేవారు ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను. ఆ గ్రంథానికి పాఠశోధనతో, వివరణలతో, సూచికలతో కూడిన పరిష్కృత ప్రతిని తెలుగులో తయారు చేయించాలనీ, అందులో సంగీతకర్తల జీవితాలు చెప్పే ‘వాగ్గేయకార చరిత్రము’ అనే భాగాన్ని సంగీత విద్యార్థులకు పాఠ్యాంశంగా పెట్టాలనీ మిమ్మల్ని కోరడం ఈ లేఖ ఉద్దేశం.

ముందుగా ఇప్పటి పరిస్థితి చెప్పాలి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961 నుంచి మొదలుపెట్టి ఈ గ్రంథాన్ని తమిళ లిపిలో ఐదు సంపుటాలుగా ప్రచురించింది. ఇంగ్లీషు అనువాదం ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవడానికి అందుబాటులో ఉంది. తెలుగులో 1970లలో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ వేసిన పునర్ముద్రణ ఒక మేలైన పనే కాని, అది పాత పుటలను మళ్లీ అందించడంతో సరిపెట్టుకున్న ప్రయత్నం, పైగా ఆ ప్రతులు నేడు అంగళ్లలో కొనడానికి దొరకవు. అందువల్ల విజయవాడలోనో హైదరాబాదులోనో వీణ నేర్చుకునే తెలుగు విద్యార్థి, తన భాషలో పుట్టిన పుస్తకాన్ని ఇంగ్లీషు ద్వారా చదువుకోవలసి వస్తోంది. ఇందుకు తమిళులను తప్పుపట్టడానికి ఏమీ లేదు, వారికి మనం రుణపడి ఉన్నాం. వారు అక్కున చేర్చుకోకపోయి ఉంటే ఈ గ్రంథం పేరు కూడా మనకు వినపడేది కాదేమో.

సుబ్బరామ దీక్షితులు 1839లో, వికారి నామ సంవత్సరంలో పుట్టారు. కర్ణాటక సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితుల కుమార్తె అన్నపూర్ణి ఆయన తల్లి. అంటే ముత్తుస్వామి దీక్షితులు ఆయనకు మాతామహుడి అన్నగారు, మనుమడు పుట్టడానికి నాలుగేళ్ల ముందే, 1835 నరక చతుర్దశి నాడు, ఎట్టయాపురంలోనే కన్నుమూశారు. మగసంతానం లేని బాలస్వామి దీక్షితులు ఈ దౌహిత్రుణ్ణి చిన్నతనంలోనే దత్తత తీసుకొని, తాము ఆస్థాన విద్వాంసులుగా ఉన్న ఎట్టయాపురానికి తీసుకువెళ్లారు. బాలస్వామి దీక్షితులు వీణలో ఎంత దిట్టో, మద్రాసులో మణలి మొదలియార్ల ఆదరణలో ఉన్నప్పుడు నేర్చుకున్న వయొలిన్‌లోనూ అంతే దిట్ట, కర్ణాటక సంగీతానికి ఆ వాద్యాన్ని అలవాటు చేసిన తొలివారిలో ఒకరు. అలాంటి తాత చేతికింద వీణ, గాత్రం నేర్చుకుంటూ, మరోపక్క విలాత్తికుళం కృష్ణమాచార్యుల దగ్గర తెలుగు, సంస్కృత కావ్యాలూ అలంకార శాస్త్రమూ చదువుకున్న కుర్రవాడు, ముందుముందు లక్ష్యలక్షణాలు, అంటే పాడే పద్ధతినీ శాస్త్రాన్నీ, రెండింటినీ కలిపి రాయగలిగాడంటే ఆ పునాది వల్లనే.

పదిహేడో ఏట ఆయన దర్బారు రాగంలో ఒక తానవర్ణం రచించి రాజు ఎదుట పాడారు. ఆ వయసులో అంతటి రచన సాధ్యమా, తాతగారు చేసి ఇచ్చారేమో అని రాజుకు సందేహం కలిగింది, మరొక రచన చేయించి పరీక్షించి, తృప్తిపడి సత్కరించారు. బాలస్వామి దీక్షితులు 1859లో పోయాక ఆ ఆస్థానంలో తాత స్థానం ఆయనదే అయింది. శంకరాభరణంలో ‘శంకరాచార్యం’ వంటి కృతులు, వర్ణాలు, రాగమాలికలు, డెబ్భైరెండు రాగాంగ రాగాల (జనక రాగాల) మాలికకు కూర్చిన సంగీతం ఆయన వాగ్గేయకారత్వానికి నిదర్శనాలు. అయినా స్వరకర్తగా ఆయన శక్తి అసలు బయటపడేది ఈ గ్రంథంలో ఒక్కొక్క రాగానికీ ఆయన స్వయంగా రాసిన మఠ్యతాళ సంచారులలో, అంటే రాగ స్వరూపాన్ని చూపే చిన్న స్వర రచనలలో అని నాకనిపిస్తుంది. కచేరీలో ఎవరూ పాడరు కాబట్టి వాటికి పేరు రాలేదు. ఆ రాగం ఎక్కడ నిలుస్తుంది, ఏ ప్రయోగం దానికి ప్రాణం, ఏ స్వరాన్ని దాటవేస్తుంది అన్నవి పేజీలకొద్దీ వివరించవలసిన విషయాలు కాగా, ఆయన వాటిని పాడుకోవడానికి వీలైన కొద్ది ఆవర్తాలలో ఇమిడ్చిపెట్టారు. శాస్త్రకారుడూ వాగ్గేయకారుడూ ఒకే మనిషిలో ఉంటే తప్ప అలాంటి రచన రాదు.

ఈ గ్రంథం వెలుగు చూడడానికి కారకులైన చిన్నస్వామి మొదలియారు గురించి ప్రత్యేకంగా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆయన మద్రాసులో ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసిన తమిళ క్రైస్తవుడు, ఎం.ఏ. పట్టభద్రుడు. కర్ణాటక సంగీతం కంఠస్థంగానే ఉండిపోతే నశించిపోతుందని భయపడి, పాశ్చాత్యులు వాడే స్టాఫ్ నొటేషన్‌లో త్యాగరాజ కృతులను రాయించి 1893లో ‘ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్’ పేరుతో ప్రచురించడం మొదలుపెట్టారు. త్యాగరాజ కృతుల కోసం వాలాజాపేట శిష్యపరంపరను ఆశ్రయించారు, ముత్తుస్వామి దీక్షితుల కృతుల కోసం ఎట్టయాపురం వైపు చూశారు. ఆరోగ్యం పాడై, చూపు మందగించి, తలపెట్టిన పని తనవల్ల పూర్తి కాదని తెలిసిన దశలో ఆయన ఎట్టయాపురం వెళ్లి, కొత్త జమీందారు పట్టాభిషేక సందర్భంగా 1899లో, సుబ్బరామ దీక్షితుల దగ్గరున్న సంగీత భాండాగారాన్ని సంస్థానం ఖర్చుతో అచ్చువేయించమని కోరారు. ప్రభువు అంగీకరించారు. రామభక్తుడి కీర్తనలను కాపాడడానికి ఒక క్రైస్తవుడు తన ఆయుర్దాయాన్నీ ఆస్తినీ వెచ్చించడం, శ్రీవిద్యోపాసకుడైన ముత్తుస్వామి దీక్షితుల కృతులను అచ్చువేయించమని ఆ క్రైస్తవుడే రాజును అర్థించడం మన సంగీత చరిత్రలో తరచుగా చెప్పుకోవలసిన సంగతి. మన సంగీత పాఠ్యపుస్తకాలలో నాకు కనిపించినంతలో ఆయన పేరు లేదు.

తమిళనాట, తమిళం మాట్లాడే ప్రజల మధ్య ఉన్న విద్వాంసుడు ఎందుకు తెలుగులో రాశారన్న ప్రశ్న సహజం. తంజావూరు నాయక రాజుల కాలం నుంచీ దక్షిణాదిలో సంగీత సాహిత్యానికి తెలుగు ప్రధాన భాష, ఎట్టయాపురం పాలెగాళ్ల వంశం కూడా తెలుగు మూలాలున్నదే. పైగా పందొమ్మిదో శతాబ్దంలో సంగీత పుస్తకాలు అచ్చయ్యేది ఎక్కువగా తెలుగు లిపిలో. తచ్చూరు సింగరాచార్యులు సోదరులు మద్రాసులో ప్రచురించిన స్వరమంజరి, గాయక పారిజాతం వంటి బోధన గ్రంథాలు, తిరువొత్తియూరు త్యాగయ్య 1900లో వేసిన ‘పల్లవి స్వరకల్పవల్లి’ తెలుగు లిపిలోనే వచ్చాయి, తమిళ గాయకులు వాటిని చదివి నేర్చుకున్నారు. ముత్తుస్వామి దీక్షితుల సంస్కృత సాహిత్యాన్ని అక్షరం చెడకుండా రాయడానికి వర్గాక్షరాలన్నీ ఉన్న లిపి అవసరం, అందుకు తెలుగు చక్కగా సరిపోయింది. కాబట్టి సుబ్బరామ దీక్షితులు తెలుగును ఎంచుకోవడం ఏ ప్రాంతాభిమానంతోనో చేసిన పని కాదు, చదువరులు ఎక్కడ ఉన్నారో చూసి చేసిన పని. ఆ చదువరులు నేడు మారిపోయారు, పుస్తకం మాత్రం మన లిపిలోనే ఉండి మనం చదవని పుస్తకమైంది.

ఇందులో ఉన్న సంపద చూడండి. డెబ్భైరెండు మేళకర్తల పద్ధతిని ఏర్పరచిన శాస్త్రకారుడు వేంకటమఖి సంప్రదాయాన్ని అనుసరించి కనకాంబరి మొదలుగా డెబ్భైరెండు రాగాంగ రాగాలు, వాటి జన్యాలు, ఒక్కొక్కదానికి లక్షణ శ్లోకం, తెలుగులో దాని వివరణ, ఆపైన గీతం, తానం, కృతి, సంచారి. ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 ఉన్నాయి, ఆయన రచనలకు మనకున్న ముఖ్యమైన ఆధారం ఇదే. క్షేత్రయ్య పదాలున్నాయి. పచ్చిమిరియం ఆదియప్పయ్య గారి భైరవి అటతాళ వర్ణం ‘విరిబోణి’ ఉంది. ముత్తుస్వామి దీక్షితులు తెలుగులో రచించిన తోడి వర్ణం ‘రూపము జూచి’, శ్రీరంజని దరువు ‘నీ సాటి’ ఉన్నాయి. తిరువారూరు కమలం అనే నర్తకి, ఆయన శిష్యురాలు, ఆమె కోసం చేసిన రచనలుగా వాటిని చెబుతారు. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు నూట ఎనిమిది రాగాలతో తెలుగులో కూర్చిన రాగతాళమాలికలో అరవై ఒక్క రాగాల భాగం మనకు మిగిలిందంటే అదీ ఈ గ్రంథం చలవే, తక్కినది పోయింది.

స్వరలిపి విషయానికి వస్తే, అంతకుముందు అచ్చయిన పుస్తకాల్లో స-రి-గ-మ-లు, తాళపు గుర్తులు తప్ప ఎక్కువేమీ ఉండేవి కావు. ఒక స్వరాన్ని ఊపాలా, జార్చాలా, నొక్కి వదలాలా అన్నది గురువు నోటి నుంచే రావాలి. దీక్షితులు కంపితం, స్ఫురితం, ప్రత్యాఘాతం, నొక్కు, రవ, ఖండింపు, వళి, జారు, ఒదుక్కు, ఓరిక అంటూ గమకాలను విడదీసి, వీణ మెట్ల మీద వేలు ఏం చేస్తే ఆ గమకం వస్తుందో చెప్పి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుర్తు ఏర్పరిచి, ఆ గుర్తుల కోసం అచ్చు అక్షరాలు పోతపోయించి, కృతుల్లోని స్వరాల నెత్తిన నిలిపారు. మెట్టు మీద తంత్రిని పక్కకు లాగి పై స్వరాన్ని పలికించే ఒదుక్కుకూ, ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు వేలు జరిపే జారుకూ చెవికి తేడా తెలిసినా కాగితం మీద తేడా చూపడం ఆనాటికి తెలుగు ముద్రణలో ఎరగని పని. ఒక జమీందారీ ఊళ్లోని చిన్న అచ్చుకూటంలో ఆ కూర్పరులు ఈ గుర్తులను ఎలా పేర్చి ఉంటారో, ప్రూఫులు దిద్దిన అరవై దాటిన వృద్ధుడు ఎన్ని రాత్రులు కళ్లు పోగొట్టుకొని ఉంటారో ఊహించుకుంటే, కంప్యూటర్లున్న ఈ రోజుల్లో ఆ గుర్తులు మన సాధారణ తెలుగు ఫాంట్లలో లేకపోవడం సిగ్గుగా ఉంటుంది.

చరిత్రకారుడిగా ఆయన చేసిన పని ‘వాగ్గేయకార చరిత్రము’ అనే భాగంలో ఉంది. ‘సంగీత రత్నాకరం’ రాసిన శార్ఙ్గదేవుడితో మొదలుపెట్టి తన వరకు డెబ్భైమందికి పైగా సంగీతకారుల జీవితాలను ఆయన తెలుగులో క్లుప్తంగా రాశారు. మనకు ఈనాడు తెలిసిన అనేకమంది గురించి మొదటి లిఖిత ఆధారం ఇదే. మోహన, కేదారగౌళ వర్ణాలతో ప్రసిద్ధులైన గోవిందసామయ్య, ఆయన వంటివాడే అయిన కూవనసామయ్య కార్వేటినగరంవారని మనకు చెప్పింది ఆయనే. చిత్తూరు ప్రాంతపు ఆ సంస్థానంలో ఒకప్పుడు ఎంతటి సంగీతం పండిందో మన పిల్లలకు చెప్పాలంటే మొదట ఎట్టయాపురం పుస్తకమే తెరవాలి.

అయితే ఆ చరిత్రను యథాతథంగా అచ్చువేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. దీక్షితులు పురాణపద్ధతిలో చెప్పిన కథలు, ఇంటిలో పెద్దలు చెప్పగా విన్నవి, తాను స్వయంగా చూసినవి ఒకే కంఠంతో రాశారు, మనం వాటిని విడదీసుకోవాలి. కాలనిర్ణయం సంవత్సర నామాలతో ఉంటుంది, దాన్ని క్రీస్తు శకంలోకి మార్చడంలో ఏమరుపాటు పనికిరాదు. ముత్తుస్వామి దీక్షితుల జననాన్నే చూడండి. మన్మథ నామ సంవత్సరం, ఫాల్గుణ మాసం, కృత్తికా నక్షత్రం అని ఆయన రాశారు. మన్మథ 1775 వసంతంలో మొదలై 1776 వసంతంతో ముగుస్తుంది కాబట్టి, సంవత్సరాంతంలో వచ్చే ఫాల్గుణం 1776 మార్చిలో పడుతుంది. అయినా 1775 మార్చి అనే మాటే ఎక్కువచోట్ల ప్రచారంలో ఉంది. 1776 లెక్క ప్రకారం ఆయన మరణం మళ్లీ వచ్చిన మన్మథలో, షష్టిపూర్తికి కొన్ని నెలల ముందు, జరిగింది. పరిష్కర్తలు పుట అడుగున ఇలాంటి వివరణ ఒక్క వాక్యంలో ఇస్తే, పాతికేళ్లుగా కరపత్రాల్లో ఒకదాన్ని చూసి ఒకటి కాపీకొడుతున్న తేదీని సరిదిద్దినట్టవుతుంది.

అలాగే రాగ లక్షణ శ్లోకాలను దీక్షితులు వేంకటమఖివిగా భావించారు. కనకాంబరి మొదలైన పేర్లతో ఉన్న ఆ రాగ పట్టిక వేంకటమఖి తర్వాతి కాలానిదనీ, ముద్దు వేంకటమఖి పేరుతో వచ్చినదనీ నేటి పరిశోధకులు నిర్ధారించారు. ఇంటి సంప్రదాయానికి కట్టుబడిన మనిషి కావడంతో త్యాగరాజ కృతులకు ఈ గ్రంథంలో దక్కిన చోటు చాలా తక్కువ, దాన్ని దాచిపెట్టనక్కరలేదు. పెద్దవారి తప్పులు చెప్పినంత మాత్రాన వారి గౌరవం తగ్గదు, కాని తప్పులను దాచి ప్రచురిస్తే పండితులు ఆ ప్రతిని ముట్టరు. పైగా ఈ పరిశోధన ఇప్పుడు ఎక్కువగా ఇంగ్లీషులో, తమిళంలో జరుగుతోంది కనుక, దాన్ని తెలుగులో కలిపి చూపే బాధ్యత మీదే అవుతుంది.

ఈ గ్రంథం ప్రభావం దక్షిణాదితోనే ఆగలేదు. హిందుస్థానీ సంగీత శాస్త్రవేత్త పండిత విష్ణు నారాయణ భాత్ఖండే 1904లో దక్షిణదేశ యాత్ర చేసినప్పుడు ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులను కలుసుకొని, వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’ ప్రతిని సంపాదించారు, తర్వాత బొంబాయిలో దాన్ని అచ్చువేయించారు. హిందుస్థానీ రాగాలను పది థాట్‌లుగా (మూల స్వర సముదాయాలుగా) వర్గీకరించిన ఆయన ఆలోచనలో మేళకర్త పద్ధతి పాత్ర ఉన్నదన్న సంగతి సంగీత విద్యార్థులందరికీ తెలుసు. ఎట్టయాపురంలోని ఆ ఇంటి తాళపత్రాలు చేసిన ప్రయాణం ఎంత దూరానిదో ఆలోచించాలి. దీక్షితులు మరుసటి ఏడు, 1905లో, ‘ప్రథమాభ్యాస పుస్తకము’ను కూడా తెలుగులోనే ప్రచురించి, 1906లో పరమపదించారు. ఆయన కుమారుడు అంబి దీక్షితులు మద్రాసులో శిష్యులను తయారుచేయబట్టి, పుస్తకంలో ఉన్న కృతులు గొంతుల్లోకి చేరాయి.

ఇక మీరు చేయగలిగింది ఏమిటో చెబుతాను. విగ్రహమో పురస్కారమో ఆయన పేరిట పెట్టమని నేను అడగడం లేదు, ఆ పని ఉత్సాహంగా జరుగుతుంది, జరిగాక పుస్తకం మళ్లీ మరుగున పడిపోతుంది. దీక్షితులు పోయి నూటపద్దెనిమిదేళ్లు దాటింది కాబట్టి హక్కుల సమస్య లేదు. 1904 నాటి ప్రతులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, వాటి పుటలను మేలైన నాణ్యతతో స్కాన్ చేయించి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచడం మొదటి పని. ఆ తర్వాత ఒక వైణికులు, ఒక తెలుగు పండితులు, ఒక సంస్కృత పండితులు, ఒక అక్షర రూపకర్త ఉండే చిన్న బృందానికి పని అప్పగించండి. సంఘం పెద్దదైతే పనికి బదులు సమావేశాలు జరుగుతాయి. గమక సంకేతాలతో కూడిన తెలుగు ఫాంటు తయారుచేసి, దాన్ని ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ఇవ్వండి, అది ఈ ఒక్క గ్రంథానికే కాక మన సంగీత ముద్రణ మొత్తానికి ఉపయోగపడుతుంది. ప్రతి సంచారినీ వీణ మీద వాయించి, ధ్వనిముద్రికగా జతచేయండి. గుర్తు ఉన్నంత మాత్రాన గమకం రాదు, దీక్షితుల ఉద్దేశం ఇదీ అని చెవికి వినిపించకపోతే ఆ శ్రమ సగమే.

పాఠ్యప్రణాళిక వారికి వేరుగా ఒక మాట. డిప్లొమా విద్యార్థికి త్రిమూర్తుల జీవితాలను మూడేసి పేజీలలో బట్టీ పట్టించే బదులు, ‘వాగ్గేయకార చరిత్రము’ నుంచి ఇద్దరి జీవితాలను తీసుకొని, మూలాన్ని చదివించి, అందులో ఏది ఆధారం ఉన్న విషయమో ఏది వినికిడో చెప్పమని అడగండి. వర్ణాలు నేర్పేటప్పుడు దీక్షితులు ఇచ్చిన పాఠాన్నీ ఇప్పుడు ప్రచారంలో ఉన్న పాఠాన్నీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ మారిందో గుర్తించమనండి. ‘విరిబోణి’ వంటి వర్ణంతో ఆ పని రెండు తరగతుల్లో చేయవచ్చు.

ఇందుకు ఎంత వ్యయమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుస్తుంది. స్కానింగ్ పనికి, బృందం నియామకానికి గడువులు నిర్ణయించి, మీ నిర్ణయం ఏదైనా, చేయలేమన్నా సరే, అందరూ చదివేలా రాతపూర్వకంగా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
వీణ నేర్చుకుంటున్న ఒక తెలుగు ఉపాధ్యాయురాలు